'ఊట ఆయ్తా?' అని అడిగితే ఏం చెప్పాలి? ఉపవాసం రోజు ఆడిన అబద్ధాల గురించి

మారతహళ్లి_పీజీ

అందరికీ వందనాలు. ప్రశ్న చిన్నపిల్లలు అడిగినట్టు ఉంటుంది, నవ్వుకున్నా పర్లేదు, కానీ జవాబు మాత్రం చెప్పండి.

మాది ఒంగోలు పక్కన ఒక ఊరు, బాప్టిస్టు సంఘం. బెంగళూరు వచ్చి రెండేళ్లు దాటింది. ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ శుక్రవారం ఉపవాస ప్రార్థన అంటే నాకు పెద్ద కష్టంగా ఎప్పుడూ అనిపించలేదు. అమ్మ ఆ రోజు పొద్దున పొయ్యి వెలిగించేది కాదు, పదింటికి చర్చికి వెళ్తే రెండున్నరకి ముగింపు ప్రార్థన, ఆ తర్వాత పాస్టరమ్మగారు స్టీలు గ్లాసుల్లో పోసే సగ్గుబియ్యం జావ. మా వాడకట్టు సగం అక్కడే చాపల మీద కూర్చుని ఉండేది కాబట్టి 'తిన్నావా' అని అడగడానికి బయట ఎవరూ మిగిలేవాళ్లు కాదు.

ఈసారి శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల్లో, ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటి దాకా ఏమీ తినకుండా ఉండాలని తీర్మానం చేసుకున్నాను, నీళ్లు తాగుతాను. ఆకలితో ఇబ్బంది లేదు, మనుషులతోనే వచ్చింది. ఈ ఊళ్లో ఎవరు ఎదురైనా పలకరింపే తిండి గురించి కదా. పొద్దున గేటు దగ్గర సెక్యూరిటీ అంకుల్ 'తిండి ఆయ్తా?' అంటాడు, టిఫిన్ అయిందా అని. మధ్యాహ్నం లిఫ్టులో పేరు కూడా తెలియని మనిషి 'ఊట ఆయ్తా?' అంటుంది, భోజనం అయిందా అని. మొదటి శుక్రవారం అందరికీ 'ఆయ్తు', అయిందని, అనేశాను. ఒక్క మాటే, కానీ లెక్కేసుకుంటే సాయంత్రానికి ఐదు అబద్ధాలు అయ్యాయి.

రెండో శుక్రవారం ఇంకా ఘోరం. టీమ్ లంచ్ పెట్టారు, బిర్యానీ. తప్పించుకోలేక కడుపు బాలేదని చెప్పాను. దాంతో పక్క సీటు అమ్మాయి పాపం మెడికల్ షాపు దాకా నడిచి వెళ్లి ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చి నా కీబోర్డు మీద పెట్టింది. సాయంత్రం పీజీ ఆంటీకి ఎలా తెలిసిందో ఏమో, నాకని విడిగా మెత్తగా అన్నం వండి మజ్జిగ పోసి ఇచ్చింది. ఆరింటికి ఉపవాసం విడవడానికి ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే ఆ ప్యాకెట్టే కనిపిస్తోంది. ఇంకా నా డెస్కు సొరుగులోనే ఉంది.

మత్తయి 6లో ఉపవాసం మనుషులకు కనబడకూడదని ఉంది కదా, మరి దాచడానికి అబద్ధం ఆడొచ్చా? చెప్పేస్తే గొప్పలకు పోయినట్టు, చెప్పకపోతే అబద్ధం. ఇంకొకటి, నాలుగు దాటేసరికి తల పగిలిపోతోంది, ఆ ఊపులో టెస్టింగ్ అబ్బాయి మీద కాల్‌లో అందరి ముందూ అరిచాను. ఇలా ఉండే కంటే రెండు ఇడ్లీలు తిని మంచిగా మాట్లాడటమే నయం అనిపిస్తోంది.

కేఆర్‌పురం_లూథరన్

అమ్మా, ఇందులో నవ్వడానికేం లేదు. నేనూ ఈ ఊరొచ్చిన కొత్తలో ఇదే పడ్డాను, పదహారేళ్లయింది.

ఆ అధ్యాయం మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదువు. మనం 'వేషధారులు' అని చదువుకునే చోట గ్రీకులో ఉన్న మాట నాటకాల్లో వేషం కట్టే నటుడికి వాడేది. వాళ్లు చేసిన తప్పు ఉపవాసం జనానికి తెలియడం కాదు, తెలియాలని ముఖం వికారం చేసుకుని తిరగడం. ఇప్పుడు నువ్వు చేసిందేంటి? కడుపునొప్పి ముఖం పెట్టావు. వాళ్లది ఒక వేషం, నీది ఇంకో వేషం, రంగు మాత్రమే తేడా. ప్రభువు చెప్పింది 'తల అంటుకొని, ముఖము కడుగుకొనుము' అని, అంటే మామూలు రోజు ఎలా తయారవుతావో అలాగే తయారై వెళ్లమని. అడిగినవాళ్లకు అబద్ధం చెప్పమని అందులో ఎక్కడా లేదు. అదే అధ్యాయంలో ధర్మం చేసేటప్పుడు కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అన్నాడు, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థన చేయమన్నాడు. అయినా మనం ఆదివారం వందమందితో కలిసి ప్రార్థన చేస్తూనే ఉన్నాం, కానుక పెట్టె అందరి ముందూ తిప్పుతూనే ఉన్నాం. ఆయన అడిగింది మనసులో ఎవరి కోసం చేస్తున్నావని.

ఇంకో సంగతి. మా ఆఫీసులో కన్నడవాళ్లలో చాలామంది సంకష్టి పాటిస్తారు, వినాయకుడి ఉపవాసం. నెలకోసారి వస్తుంది, రాత్రి చంద్రుణ్ణి చూశాకే తింటారు. కాఫీకి పిలిస్తే 'ఇవత్తు సంకష్టి', ఇవాళ సంకష్టి అని రెండు ముక్కల్లో చెప్పి మళ్లీ స్క్రీన్ వైపు తిరుగుతారు, అంతే. అది విని వీళ్లు భక్తి చూపించుకుంటున్నారని నాకు ఒక్కసారీ అనిపించలేదు. మన పెద్దవాళ్లు మాత్రం? 'ఇవాళ నాకు ఒక్కపొద్దు' అనేవాళ్లు, అవతలివాళ్లు సరేనని విస్తరి తీసేసేవాళ్లు. ఉపవాసం అనే మాట కన్నడంలోనూ అదే. 'ఇవత్తు ఉపవాస' అను, పని అయిపోతుంది. ఎవరూ నీకు హారతి పట్టరు.

నా తప్పు కూడా చెప్పుకుంటాను. ఒక ఏడాది నేను ఆ రెండు మాటలే చెప్పేవాణ్ణి, కానీ ఎలా? గొంతు తగ్గించి, కాస్త నీరసంగా నవ్వి, మెట్లు ఎక్కుతూ రెయిలింగ్ పట్టుకుని. అవతలివాళ్లు 'అయ్యో సార్' అనాలి, అదీ నాకు కావాల్సింది. మా ఆవిడ పట్టేసింది, 'ఇంట్లో బాగానే గెంతుతారుగా, ఫోన్ రాగానే ఈ గొంతేంటి' అని. కాబట్టి చెప్పడమా దాచడమా అన్న దానికంటే ఏ గొంతుతో చెప్తున్నామన్నది చూసుకోమ్మా.

సందేహాల_తోమా

అసలు ఈ తంతంతా అవసరమా అని అడిగేవాడు ఒకడుండాలి కాబట్టి నేను అడుగుతున్నా.

1522లో జూరిచ్‌లో శ్రమల దినాల్లో మాంసం ముట్టకూడదని కట్టడి ఉండగా క్రిస్టోఫ్ ఫ్రోషౌర్ అనే ప్రింటర్ ఇంట్లో సాసేజ్‌లు కోసుకు తిన్నారు. అక్కడే ఉన్న సంస్కర్త జ్వింగ్లీ తాను తినలేదు, కానీ తర్వాత చర్చిలో ప్రసంగ వేదిక మీద నిలబడి, తినాలా వద్దా అన్నది విశ్వాసి ఇష్టం, దీన్ని చట్టం చేయకూడదని ప్రసంగించాడు. అక్కడి ప్రొటెస్టంట్ సంస్కరణ రాజుకున్నది ఆ ప్లేటు దగ్గరే. మనం చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాం.

నేను మానేసిన ఒక చర్చి సంగతి చెప్తా, పేరు వద్దు. జనవరి వస్తే 21 రోజుల ఉపవాసం, వాట్సాప్‌లో లిస్టు. పేరు, ఎన్ని రోజులు, ప్రార్థన అంశం. పక్కనే అంశాలు కనిపిస్తుంటాయి: వీసా, సైటు రిజిస్ట్రేషన్, అబ్బాయికి సంబంధం. పూర్తి చేసినవాళ్ల ఫోటోలు స్టేటస్‌లో. దేవుడితో ఈఎంఐ మాట్లాడుకున్నట్టే ఉండేది నాకు. 21 ఎక్కడిదంటే దానియేలు 10 అంటారు. ఆయన ఆ మూడు వారాలు రుచికరమైన భోజనం, మాంసం, ద్రాక్షారసం మానేశాడు, అంతే, పూర్తిగా పస్తున్నాడని అక్కడ లేదు. ఎవరు చదివారు?

దావీదు కథ కూడా చూడండి, రెండో సమూయేలు 12. బిడ్డ బతకాలని నేల మీద పడి ఉపవాసం ఉన్నాడు. ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. ఆయన లేచి స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. ఆ అధ్యాయం మీద ఉపవాస కూటంలో ప్రసంగం నేనైతే ఒక్కటీ వినలేదు.

పోస్టు పెట్టిన చెల్లెమ్మా, అబద్ధం, అరుపులు, తలనొప్పి, ఇన్ని వస్తుంటే ఇడ్లీ తిను.

శివాజీనగర్_సండేమాస్

తోమా గారూ, కోపం అర్థమైంది, కానీ లిస్టు పెట్టినవాళ్ల మీది కోపాన్ని ఉపవాసం మీద చూపిస్తున్నారు.

నేను కథోలికురాలిని, మాది గుంటూరు దగ్గర ఫిరంగిపురం. మాకు ఈ దాచుకునే బాధ పెద్దగా లేదు, ఎందుకంటే అందరం ఒకే రోజు ఉంటాం, ఎవరూ ఎవరికీ గొప్ప కాదు. రూలు వింటే మీకు నవ్వొస్తుందేమో, అంత తక్కువ. ఉపవాసం తప్పనిసరిగా ఉండాల్సింది ఏడాదికి రెండే రోజులు, విభూది బుధవారం, శుభ శుక్రవారం. అది కూడా 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. ఒక పూర్తి భోజనం చేయొచ్చు, ఇంకో రెండుసార్లు కొద్దిగా తినొచ్చు, ఆ రెండూ కలిపినా ఒక భోజనం అంత కాకూడదు. 14 ఏళ్లు నిండినవాళ్లందరూ ఆ రెండు రోజులూ, తపస్కాలం (మీ శ్రమల దినాలే) శుక్రవారాలూ మాంసం మానాలి. అంతే. ఇంతకు మించి చేసేది ఎవరిష్టం వాళ్లది. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కేస్తే 46 రోజులొస్తాయి, ఆరు ఆదివారాలు తీసేస్తే 40, ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆ రోజు ఉపవాసం లేదు.

తమాషా ఏంటంటే విభూది బుధవారం పూజలో చదివే సువిశేషం ఈ మత్తయి 6 భాగమే. 'మనుష్యులకు కనబడవలెనని కాక' అని విని, ఆ వెంటనే లైన్లో నిలబడి నుదుటి మీద బూడిద పెట్టించుకుని, అదే నుదురుతో మెట్రో ఎక్కి ఆఫీసుకు వస్తాను. నిరుడు మా మేనేజర్ టిష్యూ ఇచ్చి 'ఇక్కడేదో అంటుకుంది' అని చూపించాడు. చెప్పాను. ఓహో అని తన పని తను చూసుకున్నాడు.

మారతహళ్లి చెల్లీ, నేను అడగాలనుకున్నది వేరే. మిగిలిన ఆ భోజనం ఏమైంది? యెషయా 58లో దేవుడు పట్టుకున్నది అక్కడే. మీరు ఉపవాసం ఉంటారు, అదే రోజు మీ పనివాళ్లతో చాకిరీ చేయిస్తారు, పోట్లాడుకుంటారు, నాకు కావలసింది మీ అన్నం ఆకలిగా ఉన్నవాడికి పెట్టడం అంటాడు. నేను శుక్రవారం క్యాంటీన్‌లో కట్టే డబ్బు పక్కన పెడతాను, మా వీధి ఊడ్చే పౌరకార్మికులు ఇద్దరు అక్కచెల్లెళ్లు పొద్దున ఆరున్నరకి మా గేటు దగ్గర కూర్చుంటారు, శనివారం వాళ్లకి టిఫిన్ పట్టుకెళ్తాను. ఇడ్లీ తెస్తే పెద్దామె మొహం మీదే చెప్పింది, ఇడ్లీ వద్దు చపాతీ తీసుకురమ్మని. ఇప్పుడు చపాతీయే.

టెస్టింగ్ అబ్బాయి మీద అరవడం కూడా ఆ యెషయా లిస్టులోకే వస్తుంది. సారీ చెప్పావా?

నైట్‌డ్యూటీ_నర్స్

లేఖనాలు మీరు చూసుకోండి, ఒంటి సంగతి నేను చెప్తా.

నాలుగింటికి తలనొప్పి ఆకలి వల్లనే అనుకోకు. రోజూ రెండుమూడు కాఫీలు తాగుతావా? ఐతే అది కాఫీ మానేసిన నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. గురువారం నుంచే తగ్గించుకుంటూ రా. నీళ్లు కూడా గొంతు తడుపుకోవడానికి కాదు, సరిగ్గా తాగు. బైబిల్లో ఎస్తేరు రాణి మూడు రోజులు అన్నం నీళ్లు ముట్టలేదని మార్చి నెలలో ఏసీ ఆఫీసులో మనం మొదలుపెట్టక్కర్లేదు. ఆరింటికి విడిచేటప్పుడు ఖాళీ కడుపు మీద బజ్జీలు, గోబీ మంచూరియా వద్దు, మీ పాస్టరమ్మగారి సగ్గుబియ్యం జావకి మించింది లేదు.

ఇక్కడ చదివే పెద్దవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి ముఖ్యంగా. ఒక ఉపవాస కూటంలో నా కళ్ల ముందే ఒకాయన పక్కకి ఒరిగిపోయాడు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. చుట్టూ ఉన్నవాళ్లు ఆత్మ దిగిందన్నారు, ఇంకొకరు గట్టిగా ప్రార్థన చేయమన్నారు. జేబులో మందుల చీటీ చూస్తే గ్లిమెపిరైడ్, షుగర్ తగ్గించే మాత్ర. పొద్దున మాత్ర వేసుకుని ఏమీ తినలేదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగిస్తే పదిహేను నిమిషాల్లో లేచి కూర్చున్నాడు, నా చెప్పులెక్కడ అని అడిగాడు. తెలివిలో ఉండి మింగగలుగుతున్నాడు కాబట్టి నోట్లో పోశాం, తెలివి తప్పితే పోయకండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా పస్తుండకూడదు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలతో ఇంకో రకం ప్రమాదం ఉంది, షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. మీటర్‌లో 70 కన్నా తగ్గితే ఆ క్షణమే తినేయాలి, ముగింపు ప్రార్థన దాకా ఆగొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, అల్సర్ ఉన్నవాళ్లు కూడా ఎవరో చెప్పారని ఉండొద్దు. దానికి బదులు ఫోన్ మానుకోండి, సీరియల్ మానుకోండి.

ఇంకో మాట, పీజీల్లో ఆడపిల్లల్ని చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా. సన్నబడాలని తిండి మానేసి దానికి ఉపవాసం అని పేరు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఉపవాసం రోజు తూకం మిషను ఎక్కాలనిపిస్తే ఆ ఉపవాసం ఆపేయండి.

ఓఆర్ఎస్ పారేయకు. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, సగం గ్లాసులో వేసుకునేది కాదు.

సందేహాల_తోమా

నర్సమ్మ గారి పోస్టు ప్రింట్ తీసి ప్రతి చర్చి గోడకీ అంటించాలి.

శివాజీనగర్ అక్కా, మీ చపాతీల లెక్కకి నేను ఏమీ అనలేను. కానీ యెషయా 58 ఎత్తారు కాబట్టి ఒకటి అడుగుతా. మా ఇంట్లో శుక్రవారం అమ్మ ఉపవాసం. ఆ రోజు కూడా నాన్నకి, నాకు, తమ్ముడికి మూడు పూటలా వండేది. చారులో ఉప్పు చూడటానికి కూడా నాలిక మీద వేసుకునేది కాదు, మమ్మల్ని పిలిచి చూడమనేది. ఎక్కువైతే విసుక్కునేవాళ్లం. పనివాళ్లతో చాకిరీ చేయించే ఉపవాసం అంటే నాకు అదే గుర్తొస్తుంది. మగవాళ్లు ఉపవాస కూటం గురించి పోస్టులు రాసే ముందు ఆ రోజు వంట ఎవరు చేశారో రాయాలి.

కేఆర్‌పురం_లూథరన్

తోమా బాబూ, దెబ్బ నాకే తగిలింది. మా ఇంట్లో గత శుక్రవారం నా ఉపవాసం విడవడానికి గోధుమ రవ్వ ఉప్మా చేసింది మా ఆవిడే, తనూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

ఐతే జ్వింగ్లీ విషయంలో ఒక మాట. చట్టం చేయొద్దన్నారు సరే, మానేయమని లేదుగా. పెండ్లికుమారుడు వారి దగ్గర నుంచి తీసుకుపోబడే దినాలు వస్తాయి, అప్పుడు ఉపవాసం చేస్తారు అని మత్తయి 9లో ప్రభువే అన్నాడు. అంతియొకయలో బర్నబాను, సౌలును పంపించే ముందు సంఘం ఉపవాసం ఉంది, అపొస్తలుల కార్యములు 13. దిదాకే అని తొలి సంఘపు పాత పత్రం ఒకటి ఉంది, అందులో వేషధారులు సోమ, గురువారాలు ఉంటారు, మీరు బుధ, శుక్రవారాలు ఉండండి అని రాసి ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వేషం మానమంటే వారం మార్చారేంటని. అంటే ఈ తలనొప్పి మనతో మొదలవలేదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కూడా ఆ బుధ, శుక్రవారాలే పట్టుకుని మధ్యాహ్నం మూడింటి దాకా ఉండేవాడు. మారతహళ్లి అమ్మాయికి ఆరింటి దాకా కష్టమైతే మూడింటికి ఆపినా తప్పేం లేదు.

సందేహాల_తోమా

మూడింటికి ఆపితే నాలుగింటి కాల్‌కి టెస్టింగ్ అబ్బాయి కూడా బతుకుతాడు. ఒప్పుకున్నా.

మారతహళ్లి_పీజీ

అందరికీ థాంక్స్, ఆలస్యంగా రాస్తున్నా, శుక్రవారం అయ్యాక చెబుదామని ఆగాను.

పొద్దున గేటు దగ్గర అంకుల్ 'తిండి ఆయ్తా?' అనగానే గుండె దడదడలాడింది, ఇంటర్వ్యూకి వెళ్లినంత టెన్షన్. 'ఇవత్తు ఉపవాస' అన్నాను, ఇక్కడ లూథరన్ అంకుల్ చెప్పినట్టు మామూలు గొంతుతో. సెక్యూరిటీ అంకుల్ 'యావ దేవరిగె?' అన్నాడు, ఏ దేవుడికి అని. ఆ ప్రశ్న వస్తుందని మీరెవరూ చెప్పలేదు! యేసయ్యకి అన్నాను. 'నిమ్మల్లూ ఇదెయా?' అని ఆశ్చర్యపోయాడు, మీలో కూడా ఉంటుందా అని. తనకి సోమవారం అట, చిన్నప్పటి నుంచీ. రిజిస్టర్‌లో సంతకం పెట్టేలోపు రాయచూరులో వాళ్లమ్మ చేసే ఉపవాసం దాకా చెప్పేశాడు. బస్సు మిస్సయ్యాను.

ఓఆర్ఎస్ తెచ్చిన అమ్మాయికి నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ముందే చెప్తే ఆ ఎండలో వెళ్లేదాన్ని కాదుగా' అంది. ఇంకా కొంచెం ముభావంగానే ఉంది, అడిగి మరీ అన్నీ చెప్పే పిల్ల ఇప్పుడు పని ఉంటేనే మాట్లాడుతోంది. అది నేను తెచ్చుకున్నదే కదా.

టెస్టింగ్ అబ్బాయికి కాల్‌లోనే, అందరి ముందే సారీ చెప్పాను, అరిచింది అందరి ముందే కాబట్టి. అతను మ్యూట్ తీయడం మర్చిపోయి 'పర్లేదు మేడమ్' అని మూడుసార్లు అన్నాడట, మాకు ఒక్కటీ వినపడలేదు.

నర్సక్క చెప్పినట్టు గురువారం ఒక్క కాఫీతో సరిపెట్టాను, నొప్పి వచ్చింది కానీ తల పగిలిపోయేంత కాదు. మూడింటికి ఆపలేదు, ఆరింటి దాకా ఉన్నాను. లంచ్ టైములో ఖాళీగా ఉన్న మీటింగ్ రూమ్‌లో అరగంట కూర్చుని యెషయా 58 చదివాను, మధ్యలో ఇద్దరు తలుపు తీసి సారీ చెప్పి వెళ్లారు. తోమా అన్నా, మీ అమ్మగారి చారు సంగతి చదివాక మా అమ్మకి ఫోన్ చేశాను. ఆ శుక్రవారాలు పొయ్యి వెలిగించేది కాదని కదా రాశాను. గురువారం రాత్రి పదకొండింటి దాకా మర్నాటికి వండిపెట్టి పడుకునేదట. నేను నిద్రపోయేదాన్ని, చూడలేదు.

పీజీ ఆంటీకి ఇంకా చెప్పలేదు. ఈసారీ మజ్జిగన్నం విడిగా పెట్టి ఉంచింది, కడుపు ఎలా ఉందమ్మా అని అడిగింది. రేపు చెప్తాను.